నవ్వు ఎవరి మీద? పిట్టలదొర నుంచి బిత్తిరి సత్తి దాకా

తెలుగు నాటకరంగ చరిత్రల్లో హాస్యగాడికి చోటు తక్కువ. ఆ హాస్యగాడు వెలి కులం వాడైతే ఆ కొంచెం చోటూ ఉండదు. మాదిగల ఆశ్రిత కులమైన చిందోళ్ల భాగోతంలో జనాన్ని నవ్వించేది బుడ్డర్‌ఖాన్. పగటి వేషాల్లోనైతే పిట్టలదొర. ఖాకీ బట్టలు, టోపీ, కట్టె తుపాకి వేసుకొని వచ్చి లేని జాగీర్లు, లేని బంగ్లాలు లెక్క చెప్పేవాడు. దొరతనాన్ని గేలి చేస్తూనే దొర గడప ముందు బియ్యానికి చెయ్యి చాచాలె. ఈ రెండో సంగతి మరువరాదు.

బిత్తిరి సత్తిని ఈ వరుసలోనే చూడాలని మేము అనుకుంటున్నాం. అసలు పేరు రవికుమార్, ఊరు చేవెళ్ల దగ్గరి పామెన. అంటే వికారాబాదు, తాండూరు బస్సులు పోయే తొవ్వనే. వి6 ఛానల్ తీన్మార్ వార్తల్లో ఏమీ తెలియని అమాయకుడిలా కూర్చొని, తెలిసినవాళ్లు అడగని ప్రశ్నలు అడిగిండు. అదీ మన యాసల.

ఆ యాస సినిమాల్లో చానా ఏండ్లు రౌడీకో జోకర్‌కో మాత్రమే దక్కింది. మేము డిగ్రీలో చేరిన కొత్తల "గిట్ల" అంటే క్లాసంతా నవ్వేది. తాండూరు మాటల ఉర్దూ, కన్నడం కూడా కలిసుంటయి కాబట్టి మాకు రెండింతల నవ్వు. ఇంట్ల కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఎందుకు నవ్విండ్రో ఇంటికొచ్చి ఎవరికి చెప్పాలె?

2017 నవంబరులో హైదరాబాదులో ఒక యువకుడు సత్తిని హెల్మెట్‌తో కొట్టిండు. తెలంగాణ భాషను అవమానిస్తున్నాడన్నది అతను చెప్పిన కారణం. ఆ దెబ్బను ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ కారణాన్ని పిచ్చిమాటగా తోసెయ్యడం మాకు చేతకాలేదు, క్లాసు నవ్వులు గుర్తున్నయి గనక. సత్తి మాటతో సర్కారు నవ్వులపాలైననాడు అతనిలో పిట్టలదొర ఉన్నడు. ఉత్త నత్తికీ తడబాటుకూ జనం నవ్విననాడు పాత సినిమా జోకరే ఉన్నడు. ఇద్దరూ ఒక్క మనిషిలోనే ఉన్నరు.

2019లో రసమయి బాలకిషన్ నిర్మించిన సినిమాలో సత్తి హీరో అయిండు. సినిమా పేరు 'తుపాకి రాముడు', అంటే పిట్టలదొరకే ఇంకో పేరు. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పిట్టలదొర వేషం కట్టి ఊరూరా తిరిగినవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. అందుకే వికారాబాదు, తాండూరు చుట్టుపక్కల ముసలోళ్లను అడిగి రాసుకుంటున్నాం: పేరేంది, కులమేంది, ఏ ఊళ్లు తిరిగిండు, ఎవరి గడప ముందు ఏ మాట అన్నడు, దానికి ఎవరు నవ్విండ్రు, ఎవరు నవ్వలే.