హోటల్ వైఫైని పలు పరికరాలకు పంచుకోవడం

హోటల్లో ఒక పరికరం పేరిట డబ్బు కట్టి తీసుకున్న వైఫై లాగిన్‌ను, అదే గదిలోని మిగతా ఫోన్లు, టాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లు కూడా వాడుకునేలా ఏర్పాటు చేసుకోవడాన్ని హోటల్ వైఫై పంచుకోవడం అంటారు. ల్యాప్‌టాప్, కొన్ని రకాల ఆండ్రాయిడ్ ఫోన్లు, అరచేతిలో పట్టే ట్రావెల్ రౌటర్లు ఇందుకు సాధనాలు. హోటల్ నెట్‌వర్క్ లెక్కపెట్టేది పరికరాలను. ముందు నిలిచిన ఒక్క పరికరానికి అనుమతి దొరికితే దాని వెనక ఉన్నవాటన్నిటికీ దారి తెరుచుకుంటుంది. వాటన్నిటి వాడకం ఆ లాగిన్ తీసుకున్న మనిషి ఖాతాలోనే నమోదవుతుంది కనుక, పంచుకోవడంలో సాంకేతిక సౌలభ్యం ఎంత ఉందో బాధ్యతా అంతే ఉంది.

నేపథ్యం

1999లో 802.11బి ప్రమాణం వచ్చాక వైఫై మామూలు కొనుగోలుదారులకు అందుబాటులోకి వచ్చింది. తర్వాతి పదేళ్లలో చాలా పెద్ద హోటళ్లు ఇంటర్నెట్‌కు గది అద్దెపై అదనంగా, రోజు లెక్కన, పరికరం లెక్కన రుసుము వసూలు చేశాయి. ప్రయాణికుడి వెంట ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న రోజుల్లో ఆ లెక్క సరిపోయింది. 2007లో ఐఫోన్, 2010లో ఐప్యాడ్ వచ్చాక ఒక్కరి చేతిలోనే రెండు మూడు పరికరాలు చేరాయి. ఒకే గదిలో దిగిన కుటుంబానికి పరికరానికింత చొప్పున కట్టడం భారమైంది.

పంచుకునే సాధనాలు అప్పటికే ఉన్నాయి. 1999లో విడుదలైన విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఒక కంప్యూటర్ కనెక్షన్‌ను మరికొన్ని వాడుకునే సదుపాయం ఉంది. 2004లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ గోడ ప్లగ్గులో ఇమిడిపోయే చిన్న పెట్టె. గదిలోని ఇంటర్నెట్ కేబుల్‌ను దానికి తగిలిస్తే గదంతా వైఫై వచ్చేది.

హోటల్ పరికరాన్ని గుర్తించే తీరు

హోటల్ వైఫైకి కలిసిన ఫోనుకు వెంటనే ఇంటర్నెట్ అందదు. అది పంపే మొదటి అభ్యర్థనను, హోటల్ నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే గేట్‌వే పట్టుకుని లాగిన్ పేజీ వైపు మళ్లిస్తుంది. ఈ పేజీని క్యాప్టివ్ పోర్టల్ అంటారు. గది నంబరు, ఇంటిపేరు, లేదా ఓటీపీ ఇచ్చాక గేట్‌వే ఆ పరికరపు మ్యాక్ అడ్రస్‌ను అనుమతి జాబితాలో రాసుకుంటుంది. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ చిప్‌కు ఉండే 48 బిట్ల గుర్తింపు సంఖ్య. గడువు ముగిసేదాకా ఆ సంఖ్యతో వచ్చే సమాచారాన్ని గేట్‌వే ఆపదు.

2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు సంఖ్యను దాచి, నెట్‌వర్క్‌కొకటి చొప్పున కల్పిత సంఖ్యను చూపుతున్నాయి. ఏ కారణంగానైనా ఆ సంఖ్య మారితే గేట్‌వే దాన్ని కొత్త పరికరంగా లెక్కేసి మళ్లీ లాగిన్ అడుగుతుంది. నిన్న పనిచేసిన ఫోను ఇవాళ లాగిన్ పేజీ దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఒకే అడ్రస్ వెనక అనేక పరికరాలు

పంచుకోవడానికి మూలం నెట్‌వర్క్ అడ్రస్ అనువాదం అనే పద్ధతి. దీన్ని పొడి అక్షరాల్లో నాట్ అంటారు. ఐపీ నాలుగో వెర్షన్‌లో అడ్రస్ పొడవు 32 బిట్లే కావడంతో మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లే సాధ్యం. అవి చాలవన్న ఆందోళనతో 1994లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ఆ భయం నిజమై 2011 ఫిబ్రవరిలో ప్రపంచ కేంద్ర నిల్వ అయిపోయింది.

నాట్ చేసే రౌటర్ తన వెనకున్న పరికరాలకు సాధారణంగా 192.168తో మొదలయ్యే ప్రైవేటు అడ్రస్‌లు ఇచ్చి, బయటికి తన ఒక్క అడ్రస్‌నే చూపుతుంది. ఏ అభ్యర్థన ఎవరిదో పోర్టు నంబరును బట్టి గుర్తుంచుకుని జవాబును వాళ్లకే చేరుస్తుంది. ఉమ్మడి కుటుంబానికి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ఇంటి నంబరుకు చేరాక, ఇంటిపెద్ద ఎవరివి వాళ్లకు అందించడం లాంటిదే ఇది. హోటల్ గేట్‌వేకు కనిపించేది ఆ ఇంటి నంబరు ఒక్కటే.

పంచుకునే పద్ధతులు

ల్యాప్‌టాప్: విండోస్ 10లో 2016 నుంచి మొబైల్ హాట్‌స్పాట్ అనే మీట ఉంది. ల్యాప్‌టాప్‌తో హోటల్ పోర్టల్‌లో లాగిన్ అయి ఆ మీట నొక్కితే, అదే వైఫై చిప్ ఒకవైపు హోటల్‌తో, మరోవైపు గదిలోని ఫోన్లతో మాట్లాడుతుంది. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో వైఫైగా వచ్చినదాన్ని అదే చిప్‌తో తిరిగి వైఫైగా ఇవ్వడం సాధారణంగా కుదరదు. కేబుల్‌తో వచ్చిన ఇంటర్నెట్‌ను మాత్రం వైఫైగా ఇవ్వవచ్చు. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారితే అందరికీ కనెక్షన్ పోతుందన్నది ఈ పద్ధతికున్న లోపం.

ఫోన్: సామ్‌సంగ్ వంటి కొన్ని కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై షేరింగ్ సదుపాయం ఉంది. ఐఫోన్ పర్సనల్ హాట్‌స్పాట్ మొబైల్ డేటాను మాత్రమే పంచుతుంది, హోటల్ వైఫైని పంచదు.

ట్రావెల్ రౌటర్: ఎక్కువమందికి, ఎక్కువ రోజులకు ఇదే అనువైనది. రౌటర్‌ను హోటల్ వైఫైకి కలిపి, ఫోనును రౌటర్‌కు కలిపి బ్రౌజర్ తెరిస్తే పోర్టల్ కనిపిస్తుంది. అక్కడ లాగిన్ అయితే గేట్‌వే నమోదు చేసుకునేది రౌటర్ మ్యాక్ అడ్రస్‌ను. ఆ తర్వాత రౌటర్‌కు కలిసిన ఏ పరికరమూ విడిగా లాగిన్ కానక్కర్లేదు. పోర్టల్ కనిపించకపోతే ముందుగా వీపీఎన్‌ను, ప్రైవేట్ డీఎన్ఎస్‌ను ఆపి చూడాలి. అవి దారి మళ్లింపును అడ్డుకుంటాయి.

వేగం తగ్గుతుందన్నది అన్ని పద్ధతులకూ ఉన్న పరిమితి. ఒకే రేడియో రెండువైపులా మాట్లాడితే అదే సమాచారం రెండుసార్లు గాలిలోకి వెళ్లాలి కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. హోటల్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో, గదిలోని పరికరాలతో 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే రెండు రేడియోల రౌటర్‌కు ఈ ఇబ్బంది తక్కువ.

హోటల్ పసిగట్టగలదా?

పసిగట్టగలదు. ప్రతి ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె ఉంటుంది. విండోస్‌లో ఇది 128తో, ఆండ్రాయిడ్, ఆపిల్ పరికరాల్లో 64తో మొదలై, దాటిన ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గుతుంది. గేట్‌వేకు 63తో ప్యాకెట్ చేరితే మధ్యలో మరో రౌటర్ ఉన్నట్టే. గదిలో వెలిసిన కొత్త వైఫై పేరు హోటల్ యాక్సెస్ పాయింట్లకు కూడా కనిపిస్తుంది.

నిబంధనలు, చట్టం

పోర్టల్‌లో అంగీకరించే షరతులే హోటల్‌కూ అతిథికీ మధ్య ఒప్పందం. రుసుము గదికా, పరికరానికా, ఎన్ని పరికరాలకన్నది అందులో ఉంటుంది. గదికి అమ్మిన కనెక్షన్‌ను గదిలోనివాళ్లు పంచుకోవడంలో తప్పు లేదు. పంచుకోవద్దని స్పష్టంగా రాసి ఉన్నప్పుడు పంచుకోవడం ఒప్పంద ఉల్లంఘన, హోటల్ ఆ లాగిన్‌ను రద్దు చేయవచ్చు.

అతిథి సొంత మొబైల్ డేటాతో పెట్టుకున్న హాట్‌స్పాట్ సంగతి వేరు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్లో సిబ్బంది అలాంటి హాట్‌స్పాట్లను, కనెక్షన్ తెంచే సంకేతాలు పంపి అడ్డుకున్నారు. అదే చోట హోటల్ వైఫైకి పరికరానికి 250 నుంచి 1,000 డాలర్ల దాకా వసూలు చేశారు. ఆ హోటల్‌ను నిర్వహించే మారియట్ 2014 అక్టోబరులో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు 6 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2015 జనవరిలో కమిషన్ అలాంటి అడ్డగింతలు చట్టవిరుద్ధమని అన్ని సంస్థలనూ హెచ్చరించింది. ఈ హెచ్చరిక కాపాడింది అతిథి సొంత కనెక్షన్‌ను. హోటల్ అమ్మిన కనెక్షన్‌ను పంచుకునే హక్కును ఇది ఇవ్వలేదు.

భారతదేశంలో బాధ్యత ప్రశ్న మరింత బరువైనది. 2008 బాంబు పేలుళ్ల సమయంలో బెదిరింపు ఈమెయిళ్లు రక్షణ లేని వైఫైల నుంచి వెళ్లడంతో, 2009లో టెలికాం శాఖ బహిరంగ వైఫై వాడేవాళ్ల గుర్తింపు తప్పక నమోదు కావాలని ఆదేశించింది. హైదరాబాద్, విశాఖపట్నం హోటళ్లలోనూ మొబైల్ నంబరుకు ఓటీపీ వచ్చేది ఇందుకే. ఆ నంబరు ఎవరిదో, దాని వెనక పంచుకున్న వాడకమంతా రికార్డుల్లో వాళ్లదే. అందువల్ల గదిలోని తమవాళ్లకు పంచడం సబబు. పక్కగది అపరిచితులకు పాస్‌వర్డ్ చెప్పడం, వాళ్లు చేసే పనికి పూచీ పడటమే.

భద్రత

సొంత రౌటర్ వల్ల పరికరాలకు హోటల్‌లోని ఇతరుల నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. బయటివాళ్లకు రౌటర్ కనిపిస్తుంది కానీ దాని వెనకున్నవి నేరుగా కనిపించవు. అయినా హోటల్ నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా ఎంచకూడదు. 2014 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టిన డార్క్‌హోటల్ దాడుల్లో, ఖరీదైన హోటళ్లలో దిగిన కంపెనీల అధికారులకు లాగిన్ కాగానే నకిలీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చూపి కంప్యూటర్లలోకి చొరబడ్డారు. హోటల్ వైఫై మీద ఉన్నంతసేపూ వచ్చే అప్‌డేట్ ప్రకటనలను ఒప్పుకోకపోవడం, పంచుకునే హాట్‌స్పాట్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టడం, లాగిన్ పూర్తయ్యాక వీపీఎన్ తిరిగి వేసుకోవడం అవసరం.

ప్రస్తుత స్థితి

2015లో హయత్ అతిథులందరికీ, మారియట్ తమ దగ్గర నేరుగా గది తీసుకున్న సభ్యులకు ఉచిత వైఫై ఇవ్వడం మొదలుపెట్టాయి. సాధారణ గదుల్లో పరికరానికింత అనే రుసుము క్రమంగా తగ్గింది. ఎక్కువ వేగపు ప్యాకేజీలు, సమావేశ మందిరాలు, విహార నౌకల్లో మాత్రం అది మిగిలే ఉంది. ఉచితంగా ఇచ్చే చోట్ల కూడా గదికి ఇన్నే పరికరాలన్న పరిమితి ఉండవచ్చు. గది తీసుకునేటప్పుడే రిసెప్షన్‌లో ఆ సంఖ్య అడిగి తెలుసుకుంటే పంచుకోవాల్సిన అవసరం ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.