సొరంగములలో రేడియో తరంగములు

మోటారుకారులో రేడియో వినుచు కొండదారులలో ప్రయాణము చేయువారికి ఒక యనుభవము కలదు. బండి సొరంగములో ప్రవేశించిన కొలది క్షణములకే పాట సన్నగిల్లును. పిమ్మట గరగర శబ్దము మాత్రమే మిగులును. ఆవలి ద్వారము దాటగనే పాట మరల వినవచ్చును. రాయి రేడియోను అడ్డగించినదని మనము సరిపెట్టుకొందుము. అది సగము నిజము మాత్రమే. మిగిలిన సగమును శాస్త్రజ్ఞులు తేల్చుటకు ఇంచుమించు 80 సంవత్సరములు పట్టినది.

ఆ కథ 1897లో ఇంగ్లండులో ఆరంభమైనది. మార్కోనీ తంతిలేని వార్తలకై ప్రయోగములు సాగించుచున్న కాలమది. లార్డు రేలీ అను భౌతికశాస్త్రవేత్త, లోహపు గొట్టములో విద్యుత్తరంగములు ఎట్లు పయనించునో గణితముచే నిరూపించెను. ప్రతి గొట్టమునకును ఒక హద్దు కలదు. గొట్టపు వెడల్పునకు తగినంత పొట్టివైన తరంగములు మాత్రమే అందు సాగిపోవును. అంతకు పొడవైనవి ద్వారము కడనే క్షీణించును. ఈ లెక్కతో ఆనాడు ఎవరికిని పని పడలేదు. సుమారు 40 ఏండ్లు అది గ్రంథములలోనే నిద్రించినది. 1936లో అమెరికాలో బెల్ పరిశోధనాలయమునకు చెందిన జార్జి సౌత్‌వర్త్, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన విల్మర్ బారో, వేరువేరుగా కృషిచేసి, తరంగములను గొట్టములలో నడిపించిన తమ ప్రయోగములను లోకమునకు వెల్లడించిరి.

రోడ్డు సొరంగము కూడ ఒక పెద్ద గొట్టమే గదా! 8 మీటర్ల వెడల్పుగల సొరంగమును తీసికొందము. రేలీ లెక్క ప్రకారము దాని హద్దు ఇంచుమించు 16 మీటర్లు. మన మధ్యతరంగ ప్రసారముల తరంగములు సుమారు 190 మొదలు 570 మీటర్ల నిడివి గలవి. కావున అవి లోనికి చొరలేవు. ఎఫ్.ఎం. తరంగము నిడివి సుమారు 3 మీటర్లు. అది చొరగలదు, కాని సొరంగపు గోడ లోహము కాదు, రాయి లేక కాంక్రీటు. తరంగము గోడను తాకిన ప్రతిసారియు కొంత భాగము వెనుకకు మరలును, కొంత గోడలో ఇంకిపోవును.

ఆ ఇంకు నష్టమును కొలుచు సూత్రము రెండు చోట్ల నుండి వచ్చినది. 1964లో బెల్ పరిశోధనాలయమున మార్కటీలి, ష్మెల్ట్‌జర్ అనువారు కాంతిని నడపు బోలు గొట్టములకై దానిని గణించిరి. 1975లో ఎంజ్లీ, లగాస్, స్ట్రాంగ్ అను మువ్వురు బొగ్గుగనుల సొరంగములకు అట్టి సిద్ధాంతమునే నిర్మించి, గనులలో తీసిన కొలతలతో సరిచూచిరి. తరంగపు నిడివి సగమైనచో నష్టము నాలుగవ వంతునకు తగ్గును. సొరంగము అన్ని విధముల రెండింతలైనచో ఎనిమిదవ వంతునకు తగ్గును. ఆరుబయట పొడవైన తరంగములే దూరము పోవునని ఎరిగిన మనకు ఇది తలక్రిందుల న్యాయముగ తోచును. అయితే దీనికిని ఒక మితి కలదు. గోడలు ఒరిగియున్న చోట మిక్కిలి పొట్టి తరంగములు దారి తప్పును. మలుపుల కడ నష్టము మరింత హెచ్చును. అందుచేత బొగ్గుగనులలో 30 మొదలు 60 సెంటీమీటర్ల తరంగములు మేలని ఆ మువ్వురు తేల్చిరి.

మరి, పొడవైన తరంగములను లోనికి కొనిపోవుట ఎట్లు? దానికి ఉపాయము చిల్లుల కేబులు. పైతొడుగునందు సన్నని సందులు విడిచి, సొరంగము పొడవున దానిని వ్రేలాడదీయుదురు. చిల్లుల గొట్టము మొక్కలకు నీరు వదలినట్లు, అది దారిపొడవునను తరంగములను కొంచెము కొంచెముగ వదలును. సొరంగములలో నడచు రైళ్లతో సంభాషించు విధానమును గూర్చి 1956 నాటికే అమెరికాలో పరిశోధన వ్యాసము వెలువడినది.

ఇదంతయు పాట వినుటకేనా యని అడుగవచ్చును. కాదు. ఫ్రాన్సు, ఇటలీల నడుమ మాంట్ బ్లాంక్ సొరంగము 1965లో తెరువబడినది; దాని పొడవు 11.6 కిలోమీటర్లు. 1999 మార్చి 24న పిండియు, మార్గరీనును మోయుచున్న ఒక లారీ అందు అంటుకొనగా, 39 మంది మరణించిరి. పొగ క్రమ్మిన చోట కన్ను పనిచేయదు. చెవి యొక్కటే దిక్కు. 2004లో ఐరోపా సమాజము సొరంగముల రక్షణకు ఒక శాసనము చేసినది. 1,000 మీటర్లకు మించి, రాకపోకలు మిక్కుటముగ నున్న సొరంగములలో రక్షకదళముల కొరకు రేడియో పునఃప్రసార సాధనములు ఉండవలెను. ప్రయాణికులకై రేడియో కార్యక్రమములను ప్రసారము చేయు సొరంగమున నియంత్రణ కేంద్రమున్నచో, ఆపద వేళ వానిని ఆపి హెచ్చరిక వినిపించు వీలుండవలెను.

నేడు వాహనములు ఒకదానితో ఒకటి మాటాడుకొనుటకు సుమారు 5 సెంటీమీటర్ల తరంగములను వాడుచున్నారు. ముందున్న లారీ అడ్డుపడిన ఎంత నష్టము, మలుపున ఎంత నష్టము అని ఇంజనీర్లు ముందుగనే గణించి చూచుచున్నారు. ఆ లెక్కలన్నిటికిని మూలము, ఆనాడు ఎవరికిని పనికిరాదనిపించిన రేలీ గొట్టపు లెక్కయే. సొరంగములో పాట ఆగక సాగినచో, ఆ దారినే ఒకనాడు ప్రాణము కాచు మాట కూడ రాగలదని మనము గ్రహింపవలెను.