ఐస్‌క్రీమ్

పాలు, మీగడ, చక్కెర కలిపి, తిప్పుతూ గడ్డకట్టించే తీపి పదార్థం ఐస్‌క్రీమ్. పాలూ తీపీ మనిషికి వేల ఏళ్లుగా తెలిసినవే. మండువేసవిలో పాలను గడ్డకట్టించే చలువే చాలా ఆలస్యంగా చేతికొచ్చింది.

దీన్ని మార్కో పోలో చైనా నుంచి తెచ్చాడనీ, కాథరీన్ డి మెడిచి ఇటలీ నుంచి ఫ్రాన్సుకు తీసుకెళ్లిందనీ చెప్పుకుంటారు. వాళ్ల కాలపు రాతల్లో ఈ రెంటికీ ఆధారం లేదు.

అసలు కీలకం ఉప్పులో ఉంది. కరిగే ఐసు 0 డిగ్రీల దగ్గరే నిలబడిపోతుంది. చక్కెర కలిసిన పాలు గడ్డకట్టాలంటే అంతకన్నా చల్లదనం కావాలి. ఐసు ముక్కల్లో ఉప్పు చల్లితే ఐసు 0 డిగ్రీలకు దిగువన కూడా కరుగుతూ, అందుకు కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి లాగేసుకుంటుంది. పాళ్లు కుదిరితే చల్లదనం మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. సురేకారం నీళ్లలో కరిగేటప్పుడు కూడా వేడిని పీల్చుకుంటుంది. అక్బరు కొలువులో తాగునీటిని సురేకారంతో చల్లబరిచేవారనీ, తర్వాత లాహోరుకు కొండల నుంచి మంచు తెప్పించేవారనీ అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో రాశాడు. మన కుల్ఫీ ఉప్పు చలువతోనే పుట్టిన వంటకం. పాలను మరగబెట్టి చిక్కబరచి, గొట్టాల్లాంటి లోహపు అచ్చుల్లో పోసి, మూత బిగించి, ఉప్పు కలిపిన ఐసులో పాతిపెడతారు. తిప్పరు కాబట్టి లోపల గాలి చేరదు. కుల్ఫీ అంత గట్టిగా ఉండి నెమ్మదిగా కరగడానికి కారణం అదే.

ఐరోపాలో చాలాకాలం ఐస్‌క్రీమ్ రాజుల తిండి. 1671లో విండ్సర్ కోటలో జరిగిన విందులో ఐస్‌క్రీమ్ ఒకే ఒక్క పళ్లెం వచ్చింది, అదీ రాజు రెండో చార్లెస్ బల్ల మీదికే. 1690ల్లో నేపుల్స్‌లో ఆంటోనియో లాటినీ తన వంటల పుస్తకంలో పాలతో చేసే సోర్బెట్టో విధానం రాశాడు; అందులో చక్కెర పాకం పట్టిన గుమ్మడి ముక్కలు కూడా వేయొచ్చన్నాడు.

ఇళ్లలోకి దారి తెరిచింది నాన్సీ జాన్సన్ అనే అమెరికా మహిళ. 1843లో ఆమె పేటెంట్ పొందిన యంత్రంలో ఉప్పూ ఐసూ నింపిన తొట్టి, అందులో పాల డబ్బా, తిప్పడానికి ఒక పిడి ఉంటాయి. పిడి తిప్పుతుంటే లోపలి రెక్కలు డబ్బా గోడకు పట్టిన మంచును గీకేస్తాయి. అందువల్ల మంచు స్ఫటికాలు నాలుకకు తగలనంత సన్నగా ఉండిపోతాయి, గాలీ కలుస్తుంది. కరిగిన ఐస్‌క్రీమ్‌ను మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే ఇసుకలా అనిపించేది ఆ స్ఫటికాలు పెద్దవి కావడం వల్లే. 1851లో జేకబ్ ఫసెల్ అనే బాల్టిమోర్ పాల వ్యాపారి, మిగిలిపోయే మీగడను పారబోయలేక ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ పెట్టాడు. వెనిల్లా రుచి లోకమంతా పాకడానికి మాత్రం 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు కారణం. వెనిల్లా పువ్వులకు చేత్తో పరాగసంపర్కం చేసే సులువు కనిపెట్టింది అతనే. ఐస్‌క్రీమ్ చరిత్రలో ఈ పేరు ఇంకా పెద్దగా వినపడాల్సింది.

భారతదేశానికి అమెరికా ఐసు ఓడలో వచ్చింది. 1833లో అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన 'టస్కనీ' ఓడ బోస్టన్ నుంచి నాలుగు నెలలు ప్రయాణించి కలకత్తా చేరింది. బయల్దేరినప్పుడు సుమారు 180 టన్నులున్న ఐసులో 100 టన్నుల దాకా కరగకుండా మిగిలింది! మద్రాసు సముద్రతీరాన ట్యూడర్ ఐసు దాచిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. నేడది వివేకానందుడి పేరు మీదున్న స్మారక భవనం. ఐసు తయారుచేసే యంత్రాలు వచ్చాక ఆ వ్యాపారం మూతపడింది.

నేటి నిబంధనల ప్రకారం దేశంలో ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. మొక్కల నూనెలతో చేసిందైతే 'ఫ్రోజెన్ డెజర్ట్' అని అట్ట మీద రాయాలి. కొనేవాళ్లు ఆ మాట చూసి కొనడం మంచిది.

విడిగా తినడమే కాదు, ఐస్‌క్రీమ్ ఇతర తీపి వంటకాల్లోనూ కలిసిపోయింది. ఫలూదాలో సేమ్యా, సబ్జా గింజల మీద ఒక ముద్ద వేస్తారు. బేక్‌డ్ అలాస్కాలో గుడ్డు తెల్లసొన నురగ కప్పి ఓవెన్‌లో పెడితే, నురగలోని గాలి వేడిని అడ్డుకుని లోపలిది కరగనివ్వదు. హైదరాబాదులో ఖుబానీ కా మీఠా పక్కన మీగడకు బదులు వెనిల్లా వడ్డించడం మామూలైంది. మొజంజాహీ మార్కెట్ దుకాణాల్లో సీతాఫలం, మామిడి గుజ్జుతో చేసే ఐస్‌క్రీమ్‌కు ఎండాకాలం సాయంత్రాల్లో జనం బారులు తీరతారు. ఊళ్లలో సైకిల్ వెనక డబ్బాలో వచ్చే పుల్ల ఐసు లెక్క ప్రకారం ఐస్‌క్రీమ్ కాదు, రంగూ తీపీ కలిపిన నీరు. అయినా పాల ఐసు, సేమియా ఐసులతో పాటు దానికీ ఇక్కడ చోటు దక్కాలి: ఎందరో తెలుగు పిల్లలు గడ్డకట్టిన తీపిని మొదట రుచి చూసింది దానితోనే.