అప్పగించిన అధికారం, తీరని బాధ్యత: తిరుమల ఆలయ పాలన చరిత్ర వెలుగులో కృత్రిమ మేధ ఏజెంట్ల నియంత్రణ

కీలక పదాలు: తిరుమల, స్థానత్తార్, బ్రూస్ కోడ్, విచారణకర్త, మిరాశీ, కృత్రిమ మేధ ఏజెంట్లు, జవాబుదారీతనం

ఉపోద్ఘాతం

సంస్థల దైనందిన వ్యవహారాలలో కృత్రిమ మేధ సలహాదారు స్థానం నుండి కార్యనిర్వాహక స్థానానికి చేరుతున్నది. బిల్లును సరిచూసి చెల్లింపుకు పంపడం, దరఖాస్తును పరిశీలించి తగిన విభాగానికి చేర్చడం వంటి పనులను ఆద్యంతం తానే నడిపే సాఫ్ట్‌వేరును ‘ఏజెంటు’ అంటున్నారు. అనేక ఏజెంట్లకు పనులు పంచి క్రమంలో నడిపించడం సమన్వయం. ఏ ఏజెంటు ఎంతవరకు వెళ్లవచ్చునో నిర్ణయించడం నియంత్రణ. ఈ రెండూ సాంకేతిక అంశాలుగానే చర్చకు వస్తున్నాయి. అయితే ఒకరి తరఫున మరొకరు పనిచేయడం, చేసినదానికి లెక్క చెప్పడం పాలనా చరిత్రలో చాలా పాత సమస్యలు. వేయి సంవత్సరాలకు పైబడిన లిఖిత ఆధారాలు గల తిరుమల ఆలయ పాలన వీటి పరిశీలనకు అనువైన క్షేత్రం.

శాసనాలలో అప్పగింత

విజయనగర కాలపు తిరుమల శాసనాలలో దాత, నిర్వాహకులు, లేఖకుడు వేర్వేరుగా కనిపిస్తారు. దాత ఇచ్చిన ధనాన్ని స్థానత్తార్ అనే నిర్వాహక మండలి ఆలయ గ్రామాల చెరువులు, కాలువల మీద వెచ్చించి, పెరిగిన రాబడితో నైవేద్యాలు జరిపించేది. ఏ ఉత్సవానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ప్రసాదంలో దాత భాగమెంత అన్నవి శాసనంలోనే నిర్దేశితమయ్యేవి. శ్రీవైష్ణవుల అనుమతితో ఆలయ లేఖకుడు తిరునిన్ఱవూర్ ఉడైయాన్ రాసినట్లు పేర్కొంటూ అనేక శాసనాలు ముగుస్తాయి. లక్ష్యం, వనరు, పరిమితి, రాతకు బాధ్యుడు – నాలుగూ ఒకే రాతిపై నిలిచాయి.

కోడ్ మిగిలింది, పర్యవేక్షణ తొలగింది

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఆలయ పర్యవేక్షణ చిత్తూరు కేంద్రంగా గల ఉత్తర ఆర్కాటు జిల్లా కలెక్టరుకు సంక్రమించింది. 1803లో కలెక్టరు స్ట్రాటన్ ఆలయ వ్యవహారాలపై రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. 1821లో 42 నిబంధనలతో బ్రూస్ కోడ్ వెలువడింది. పూర్వాచారాలే దీనికి ఆధారం. అయినా దీనిని తటస్థ పత్రంగా భావించలేము. నడుస్తున్న ఆచారాలలో దేనిని రాతలో పెట్టాలో నిర్ణయించినది ఆలయ ఆదాయంపై దృష్టి గల ప్రభుత్వమే. నిబంధనను రాసేవాడు కూడా అధికారి అవుతాడన్నది ఇక్కడ గమనార్హం.

1843లో కంపెనీ ఆలయ నిర్వహణ నుండి తప్పుకొని, హాథీరాంజీ మఠాధిపతి సేవాదాసును విచారణకర్తగా నియమించింది. రాతలో నిబంధనలున్నాయి; వాటి అమలును నిత్యం చూసే పై అధికారి లేడు. వివాదాలు న్యాయస్థానాలకు చేరాయి. పాలనా పథకంపై నడిచిన వ్యాజ్యంలో 1907లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు వెలువడింది. ఈ స్థితికి వ్యక్తుల గుణదోషాలను మాత్రమే కారణంగా చూపడం సరికాదు. తప్పు జరిగిన తరువాత మాత్రమే మేల్కొనే నియంత్రణ నిర్మాణంలోని లోపమది. 1933లో మహంతుల నిర్వహణ ముగిసి, ప్రత్యేక చట్టం కింద కమిటీ, ప్రభుత్వం నియమించే కమిషనర్ ఏర్పడ్డారు. 1951 నాటి చట్టంతో ధర్మకర్తల మండలి, కార్యనిర్వహణాధికారి వచ్చారు. విధాన నిర్ణయం ఒకరిది, అమలు మరొకరిది అయింది.

అధికారాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మిరాశీ చరిత్ర చెబుతుంది. సేవకు ప్రతిఫలంగా మొదలైన హక్కులు వంశపారంపర్యమై స్థిరపడ్డాయి. వాటి రద్దుకు 1987 నాటి చట్టం కావలసివచ్చింది. ఆ చట్టాన్ని 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది.

నేటి తిరుమల

తిరుమలలో 2023 మార్చిలో ముఖ గుర్తింపు విధానం ప్రవేశించింది. 2025 సెప్టెంబరులో కృత్రిమ మేధతో కూడిన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. భక్తుల రద్దీని అంచనా వేసి అధికారులకు తెలపడం దాని ప్రధాన ఉద్దేశం. ఇది ఇంకా సమాచారం అందించే దశ. రేపు కంపార్టుమెంట్లు తెరవడం, టోకెన్లు కేటాయించడం, సిబ్బందిని తరలించడం వంటి నిర్ణయాలు కూడా దానికే అప్పగిస్తే అది ఏజెంటు అవుతుంది. ఇటువంటి నిర్ణయాల బరువు తిరుపతికి తెలియనిది కాదు. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. అటువంటి వేళ ‘వ్యవస్థ నిర్ణయించింది’ అన్నది జవాబు కాజాలదు.

మనిషికీ సాఫ్ట్‌వేరుకూ భేదం ఉన్నది. పారుపత్తేదారును పిలిచి సంజాయిషీ అడగవచ్చు. పదవి పోతుందన్న భయం, ఊరిలో మాట పోతుందన్న సంకోచం అతనిని కొంత అదుపులో ఉంచుతాయి. సాఫ్ట్‌వేరుకు ఇవేవీ లేవు. పైగా ఒకే పొరపాటును అది క్షణాలలో వేలసార్లు చేయగలదు. ఒక ఏజెంటు ఫలితాన్ని మరొకటి ఆధారంగా తీసుకునే చోట తప్పు ఎక్కడ మొదలైనదో గుర్తించడమూ కష్టమే. అందువలన పాత కట్టుబాట్లు ఇక్కడ మరింత కఠినంగా ఉండాలి.

ముగింపు

తిరుమల అనుభవం నుండి నాలుగు సూత్రాలు తేలుతున్నాయి. ఏజెంటుకు ఇచ్చే అధికారం దిట్టంలాగా కొలతతో, రాతలో ఉండాలి. పని చేసే ఏజెంటు తన లెక్కను తానే దిద్దుకోలేని విధంగా రికార్డు వేరుగా నిలవాలి. అనుమతులకు గడువు ఉండాలి. లేకపోతే అవి మిరాశీలవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి ఏజెంటు వెనుక దానిని ఆపగల, దాని పనికి జవాబు చెప్పవలసిన ఒక అధికారి పేరు ఉండాలి. 1843 తరువాత లోపించినది కోడ్ కాదు, దాని అమలును చూసే కన్ను. పనిని అప్పగించవచ్చు, బాధ్యత మాత్రం అప్పగించినవారి వద్దనే ఉంటుంది.