మోటారు సైకిలు సామాను పెట్టెలు (సొంత తయారీ)

మోటారు సైకిలు మీద బట్టలు, పనిముట్లు, సరుకులు వంటివి తీసుకువెళ్ళడానికి వాహనానికి ఇరుపక్కలా గాని, సీటు వెనుక గాని అమర్చే సంచులను, పెట్టెలను మోటారు సైకిలు సామాను పెట్టెలు అంటారు. ఇంగ్లీషులో పక్క పెట్టెలను పానియర్లు అని, వెనుక పెట్టెను టాప్ బాక్సు అని వ్యవహరిస్తారు. కంపెనీలు తయారుచేసే పెట్టెలు ఖరీదైనవి కావడంతో చాలామంది వీటిని తక్కువ ఖర్చుతో తామే తయారుచేసుకుంటారు, లేదా ఊళ్ళోని వెల్డింగు దుకాణంలోనో, టార్పాలిన్లు కుట్టేవారి దగ్గరో చేయించుకుంటారు. పెట్టెను తయారుచేయడం కష్టమైన పని కాదు. కాని దానిని బండికి పట్టి ఉంచే ఇనుప చట్రం బలంగా లేకపోయినా, బరువు ఉండకూడని చోట ఉన్నా ప్రమాదాలు జరుగుతాయి. అందువల్ల సొంత తయారీలో ఖర్చు తగ్గించుకోవలసినది పెట్టె విషయంలోనే గాని చట్రం విషయంలో కాదు.

పేరు
పానియర్ అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చింది. రొట్టెల బుట్ట అని దాని మూలార్థం. గాడిదలు, గుర్రాల మీద ఇరుపక్కలా వేలాడదీసే బుట్టలకు మొదట ఈ పేరు వాడేవారు. తెలుగులో దీనికి దగ్గరి మాట పెరిక. ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడేటట్లు వేసే గోనె సంచిని పెరిక అంటారు. బండ్లు పోలేని దారులలో పూర్వం ధాన్యం, ఉప్పు పెరిక ఎద్దుల మీదనే రవాణా అయ్యేవి. రెండు వైపులా సమానమైన బరువు, అది కూడా వీలైనంత కిందుగా ఉండాలన్న సూత్రం పెరికకు, పానియర్‌కు ఒక్కటే.

చరిత్ర
తొలినాటి మోటారు సైకిళ్ళకు తోలు సంచులను జీను సంచుల పద్ధతిలోనే వేలాడదీసేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు సైన్యం వార్తాహరుల మోటారు సైకిళ్ళకు ఇనుప చట్రాల మీద కాన్వాసు సంచులను అమర్చింది. 20వ శతాబ్దం మధ్యకాలంలో బ్రిటన్‌లో కెన్ క్రేవెన్ ఫైబర్ గ్లాసుతో పెట్టెలు తయారుచేసి విక్రయించాడు. 1970లలో జర్మనీకి చెందిన క్రౌజర్ సంస్థ బండి నుండి సులభంగా తీసి, తిరిగి తగిలించే గట్టి పెట్టెలకు ప్రసిద్ధి పొందింది. 1978లో ఇటలీలో మాజీ పందెగాడు జుసెప్పె విసెంజీ గివి సంస్థను స్థాపించాడు. 2004లో ఇవాన్ మెగ్రెగర్, చార్లీ బూర్మన్ లండన్ నుండి న్యూయార్క్ వరకు చేసిన మోటారు సైకిలు యాత్ర టెలివిజనులో ప్రసారమైన తరువాత అల్యూమినియం పక్క పెట్టెలకు ఆదరణ మరింత పెరిగింది.

సొంత తయారీకి కూడా అంతే పాత చరిత్ర ఉంది. యుద్ధం ముగిసిన తరువాత సైన్యం అమ్మివేసిన వస్తువులు ఇందుకు బాగా ఉపయోగపడ్డాయి. మందుగుండు ఉంచే ఇనుప పెట్టెలకు నీరు చొరని మూత, రబ్బరు అంచు ముందే ఉండటంతో పాశ్చాత్య దేశాలలో ఔత్సాహికులు వాటినే పక్క పెట్టెలుగా మార్చుకున్నారు. 1937లో జర్మనీలో రూపొందిన 20 లీటర్ల జెర్రీ డబ్బాను ఒకవైపు కోసి, మడతబందులు బిగించి పెట్టెగా వాడటం కూడా ప్రచారంలోకి వచ్చింది.

రకాలు

మెత్తని సంచులు
ఇవి అన్నిటికన్నా చవకైనవి, తేలికైనవి. మందపాటి కాన్వాసు, రెగ్జీను, లారీ టార్పాలిన్, ప్రకటనల ఫ్లెక్సీ గుడ్డ వీటికి పనికివస్తాయి. రెండు సంచులను రెండు వెడల్పాటి నైలాన్ పట్టీలతో కలిపి, ఆ పట్టీలను సీటు కింది నుండి లేదా సీటు మీదుగా వేస్తారు. నూలు దారం తడికి చివికిపోతుంది కాబట్టి నైలాన్ దారంతో కుట్టించాలి. పట్టీని సంచికి పై అంచులో మాత్రమే కుట్టకుండా అడుగు మీదుగా చుట్టి తెస్తే బరువు పట్టీ మీద పడుతుంది, కుట్టు మీద పడదు. అడుగున ప్లాస్టిక్ పలక వేస్తే సంచి జారి చక్రం వైపు ఒరగదు.

గట్టి పెట్టెలు
వీటికి తాళం వేయవచ్చు, వానలో లోపలి సామాను తడవదు. పెట్టె కొలతలను సెంటీమీటర్లలో తీసుకుని మూడింటిని గుణించి 1000తో భాగిస్తే ఎన్ని లీటర్ల సామాను పడుతుందో తెలుస్తుంది. 40 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. ఎత్తు, 20 సెం.మీ. వెడల్పు గల పెట్టెలో 24 లీటర్ల చోటు ఉంటుంది. మూతతో సహా దీని ఉపరితలం 0.52 చదరపు మీటర్లు. దీనిని వేర్వేరు పదార్థాలతో చేసినపుడు ఖాళీ పెట్టె బరువు సుమారుగా ఇలా ఉంటుంది:

* 1.5 మి.మీ. అల్యూమినియం రేకు: 2.1 కిలోలు
* 1 మి.మీ. ఇనుప రేకు: 4.1 కిలోలు
* 6 మి.మీ. ప్లైవుడ్: 1.9 కిలోలు

మూలలకు బిగించే యాంగిల్ పట్టీలు, మడతబందులు, గడియల బరువు దీనికి అదనం. ప్లైవుడ్ చవకైనదే గాని అంచులలో నీరు చేరితే పొరలు విడిపోతాయి. అంచులకు వార్నిషు పట్టించి, అల్యూమినియం యాంగిల్ కప్పి రివెట్లు కొడితే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. అల్యూమినియాన్ని వెల్డింగు చేయడం అన్ని దుకాణాలలో కుదరదు కాబట్టి రేకును మడిచి రివెట్లతో కలపడమే సులభమైన పద్ధతి.

ప్లాస్టిక్ డబ్బాలను, పీపాలను వాడేటపుడు వాటిలో పూర్వం ఏమి నిలవచేశారో తెలుసుకోవాలి. పురుగు మందుల డబ్బాలను ఎంత కడిగినా బట్టలకు, ఆహార పదార్థాలకు వాడరాదు. పెట్రోలు నిలవచేసిన డబ్బాను కోయడం ప్రాణాపాయం. డబ్బా ఖాళీగా కనిపించినా లోపల మిగిలిన ఆవిరికి కట్టరు నిప్పురవ్వ తగిలితే అది పేలుతుంది.

చట్రం
పెట్టెను మోసే ఇనుప చట్రమే ఈ అమరికలో ముఖ్యమైన భాగం. బండి నిలిచి ఉన్నపుడు 10 కిలోల బరువు చట్రం మీద 10 కిలోలుగానే పడుతుంది. గోతిలో పడి లేచినపుడు అదే బరువు క్షణకాలం కొన్ని రెట్లుగా పనిచేస్తుంది. దీనికి తోడు ఇంజను కంపనం నిరంతరం ఉంటుంది. అందుచేత మొదటి రోజు గట్టిగా కనిపించిన అతుకులు కొన్ని వందల కిలోమీటర్ల తరువాత పగులుతాయి.

చట్రాన్ని బండిలో ముందే ఉన్న బోల్టుల దగ్గర బిగిస్తారు. సాధారణంగా షాక్ అబ్సార్బరు పై బోల్టు, వెనుక కూర్చునేవారి ఫుట్‌రెస్టు, సీటు వెనుక క్యారియరు బోల్టులు ఇందుకు అనువైనవి. ఒక్కొక్క పక్క కనీసం మూడు చోట్ల ఆధారం ఉండాలి. రెండు పక్కల చట్రాలను నంబరు పలక వెనుకగా ఒక అడ్డకడ్డీతో కలపడం తప్పనిసరి. ఈ కడ్డీ లేకపోతే పెట్టెలు నడకలో లోపలికీ బయటికీ ఊగి, చివరకు బోల్టుల దగ్గర ఇనుము విరుగుతుంది.

చట్రం తయారీలో కింది విషయాలను గమనించాలి:

* బండి అసలు ఫ్రేముకు నేరుగా వెల్డింగు చేయరాదు. ఆ వేడికి ఫ్రేము గొట్టం ఆ చోట బలహీనపడవచ్చు.
* బండి మీద ఉంచి వెల్డింగు చేయవలసి వస్తే ముందుగా బ్యాటరీ తీగలను విప్పాలి.
* జింకు పూత ఉన్న గొట్టాలను వెల్డింగు చేసినపుడు వచ్చే పొగ జ్వరానికి కారణమవుతుంది. అతికే చోట పూతను ముందుగా అరగదీయాలి, గాలి ఆడే చోట పనిచేయాలి.
* కంపనానికి వదులు కాకుండా నైలాన్ వలయం ఉన్న నట్లను వాడాలి. మొదటి 100 కిలోమీటర్ల తరువాత అన్నిటినీ తిరిగి బిగించాలి.
* వెనుక చక్రం పూర్తిగా పైకి లేచినపుడు కూడా చక్రానికి, గొలుసుకు చట్రం తగలకూడదు.

భారతదేశంలో మోటారు సైకిళ్ళకు ఎడమవైపు ఉండే చీర రక్షక కడ్డీని, అంటే శారీ గార్డును, కొందరు పెట్టెకు ఆధారంగా వాడతారు. అది బట్టలు చక్రంలో పడకుండా అడ్డుకోవడానికి ఉద్దేశించినదే గాని బరువు మోయడానికి కాదు. సంచి చక్రం వైపు ఒరగకుండా ఆపడానికి మాత్రం అది ఉపయోగపడుతుంది.

బరువు అమరిక
బరువు కిందుగా, బండి మధ్యకు దగ్గరగా ఉండాలి. వెనుక ఇరుసు కన్నా వెనుకగా ఉంచిన బరువు తూకంకోల వలె ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. ఉదాహరణకు రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 125 సెం.మీ. గల బండికి, వెనుక ఇరుసుకు 30 సెం.మీ. వెనుకగా 10 కిలోల పెట్టెను బిగిస్తే ముందు చక్రం మీద భారం 2.4 కిలోలు తగ్గుతుంది, వెనుక చక్రం మీద 12.4 కిలోలు పెరుగుతుంది. ముందు చక్రం తేలికైతే హ్యాండిలు వణుకుతుంది, మలుపులలో పట్టు తగ్గుతుంది. అందువల్ల పనిముట్లు, నీళ్ళ సీసాలు వంటి బరువైన వస్తువులను పక్క పెట్టెల అడుగున, ముందు వైపుగా ఉంచి, దుప్పట్లు, బట్టల వంటి తేలికైనవాటిని వెనుక పైపెట్టెలో ఉంచాలి.

ప్రతి బండికి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ భారం ఉంటుంది. నడిపేవారు, వెనుక కూర్చునేవారు, సామాను, పెట్టెలు, చట్రం అన్నీ దీనిలోకే వస్తాయి. 100 సి.సి. తరగతి బండ్లకు ఇది సుమారు 130 కిలోలు. ఇద్దరు పెద్దలు ఎక్కితేనే ఈ పరిమితి దాదాపు పూర్తవుతుంది. కాబట్టి ఇద్దరు ప్రయాణించే చిన్న బండికి బరువైన ఇనుప పెట్టెలు తగవు. సామానుతో వెళ్ళేటపుడు వెనుక టైరులో గాలిని తయారీదారు సూచించిన మేరకు పెంచాలి.

నీరు, వేడి నుండి రక్షణ
కుట్టు రంధ్రాల నుండి నీరు లోపలికి వస్తుంది కాబట్టి గుడ్డ సంచి ఎంత మంచిదైనా పూర్తిగా నీరు ఆపదు. సామానును ముందుగా మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతిని మూడు నాలుగు మడతలు చుట్టి కట్టి, ఆ తరువాత గుడ్డ సంచిలో ఉంచడం చవకైన, నమ్మకమైన పద్ధతి. గట్టి పెట్టెల మూత అంచుకు రబ్బరు పట్టీని అతికించాలి. మూత పెట్టె మీద నుండి కిందికి దిగేటట్లు ఉండాలి.

సైలెన్సరు ఉన్న వైపు సంచికి వేడి తగలకుండా చూడాలి. ఎరువుల బస్తాలకు వాడే పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద, నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల వద్ద కరుగుతాయి. వేడెక్కిన సైలెన్సరుకు ఆనుకున్న సంచి కరిగి, లోపలి బట్టలు అంటుకునే అవకాశం ఉంది. సంచికి, సైలెన్సరుకు మధ్య అల్యూమినియం రేకును రెండు వైపులా గాలి ఆడేటట్లు బిగిస్తే వేడి చాలావరకు తగ్గుతుంది.

ప్రమాదాలు
పట్టీ కొసలు వదులుగా వేలాడితే చక్రంలో గాని గొలుసులో గాని చుట్టుకుని వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. కొక్కెం ఉన్న సాగే తాళ్ళు జారినపుడు కంటికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. పాత ట్యూబును కోసి చేసిన పట్టీలు చవకైనవి, కొక్కేలు లేనివి. అయితే ఎండకు పగుళ్ళు వచ్చిన పట్టీని వెంటనే మార్చాలి. బురదలో, ఇసుకలో నడిపేవారు కాళ్ళు కింద ఆనించినపుడు గట్టి పెట్టె మడమకు తగలవచ్చు. బండి పక్కకు పడితే కాలు పెట్టె కింద ఇరుక్కోవచ్చు. ఈ కారణంగా మట్టి దారులలో తిరిగేవారు మెత్తని సంచులనే ఇష్టపడతారు. పెట్టెల వెడల్పు హ్యాండిలు వెడల్పును మించితే, ముందు భాగం పట్టిన సందులో వెనుక భాగం తగులుకుంటుంది.

చట్టం
భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమం వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని చెబుతుంది. చట్రం బిగించడానికి వీటిని తొలగించడం నియమ విరుద్ధం. 2020లో ప్రకటించిన సవరణలో మోటారు సైకిలుకు అమర్చే తేలికపాటి పెట్టెకు 550 మి.మీ. పొడవు, 510 మి.మీ. వెడల్పు, 500 మి.మీ. ఎత్తు పరిమితులుగా నిర్ణయించారు. పెట్టెను వెనుక సీటు స్థానంలో ఉంచితే రెండవ వ్యక్తి ఎక్కరాదు. సీటుకు వెనుక అమర్చితే ఎక్కవచ్చు. నంబరు పలక, వెనుక దీపం, మలుపు దీపాలు పెట్టెల వెనుక మరుగుకాకూడదు.

తెలుగు ప్రాంతాలలో వాడుక
ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో సొంత తయారీకి చక్కని ఉదాహరణ పాలు పోసేవారి బండి. సీటు మీదుగా వేసిన ఇనుప చట్రానికి ఇరుపక్కలా పాల క్యాన్లను తగిలిస్తారు. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు ఉంటుంది. అలాంటివి రెండు తగిలిస్తే, నడిపే వ్యక్తితో కలిపి చిన్న బండి పరిమితి మించిపోతుంది. సగం నిండిన క్యానులో పాలు తొణకడం వల్ల మలుపులలో బండి తూలుతుంది. అనుభవం ఉన్నవారు ఒక క్యానును పూర్తిగా ఖాళీ చేసి రెండవదాని జోలికి పోకుండా, రెండు వైపులా సమానంగా తగ్గేటట్లు పాలు పోస్తారు. బట్టలు, ప్లాస్టిక్ సామాను ఊరూరా తిరిగి అమ్మేవారు, ఉత్తరాలు, పార్సిళ్ళు చేరవేసేవారు కూడా ఇటువంటి చట్రాలను, సంచులను చేయించుకుంటారు. ఈ బండ్లలో పెట్టె పాతబడితే కొత్తది వస్తుంది, సంచి చిరిగితే అతుకు పడుతుంది. ఏళ్ళ తరబడి మారకుండా ఉండేది చట్రమొక్కటే.

ఇవి కూడా చూడండి
* మోటారు సైకిలు
* గోనె సంచి
* వెల్డింగు
* గరిమనాభి