ఆఫ్‌లైన్ ఈ-మెయిలు నిల్వ

ఆఫ్‌లైన్ ఈ-మెయిలు అనగా సర్వరు నుండి సొంత కంప్యూటరులోకి దించుకొని, అంతర్జాల సంధానం లేనప్పుడు కూడా చదువుటకు, వెదకుటకు, జవాబులు వ్రాసి ఉంచుకొనుటకు వీలుగా భద్రపరచిన ఈ-మెయిలు. ఇట్లు దించుకున్న సందేశాలకు వేరొక చోట నకలు తీసి ఉంచడాన్ని బ్యాకప్ అంటారు. దించుకొనుట, బ్యాకప్ ఒకటే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక ప్రాంతపు అవసరాలను గమనిస్తే ఈ పద్ధతి ప్రయోజనం, అందులోని ప్రమాదం రెండూ తెలుస్తాయి.

నేపథ్యం

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలను వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. అప్పటి సంధానం టెలిఫోను తీగ ద్వారా జరిగేది. సంధానం ఉన్నంతసేపు ఫోను ఖాళీ ఉండదు, ఖర్చు నిమిషాల లెక్కన పెరుగుతుంది. కనుక సందేశాలను దించుకొని, సంధానం తెంచి, తీరికగా చదువుకొనుట లాభదాయకమైనది.

తార్నాక పరిసరాలలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంతో పాటు జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, సి.సి.ఎం.బి., 2007 నుండి ఇఫ్లూగా పిలువబడుతున్న సీఫెల్ ఉన్నాయి. పరిశోధకులకు, విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులకు ఈ-మెయిలు నిత్యావసరమైనది. ఇంట్లోనో ప్రయోగశాలలోనో కంప్యూటరు ఉన్నవారు మెయిలు ప్రోగ్రాము వాడగలిగేవారు. వసతిగృహ విద్యార్థికి గంటకు ఇంత అని చెల్లించే ఇంటర్నెట్ కేంద్రమే గతి. అక్కడి కంప్యూటరులోకి ఉత్తరాలు దించుకుంటే తరువాత కూర్చునేవారు కూడా చదవగలరు. కనుక ముఖ్యమైన వాటిని 1.44 మెగాబైట్ల ఫ్లాపీలోకి ఎక్కించుకోవడమో, అచ్చు తీయించుకోవడమో మిగిలేది.

ఉచిత ఖాతాలలో చోటు కూడా తక్కువే. హాట్‌మెయిల్ చాలాకాలం 2 మెగాబైట్లు మాత్రమే ఇచ్చింది. పెట్టె నిండితే కొత్త సందేశాలు పంపినవారికే తిరిగిపోతాయి. ప్రవేశ సమాచారం తెలిపే ఉత్తరమైనా సరే. యాహూ 2002 ఏప్రిల్‌లో దించుకొనే సౌకర్యాన్ని రుసుము చెల్లించేవారికే పరిమితం చేసింది. 2004 ఏప్రిల్ 1న 1 గిగాబైటు చోటుతో వచ్చిన జీమెయిల్, ఆ సంవత్సరం చివరలో ఈ సౌకర్యాన్ని ఉచితంగా ఇచ్చింది.

సందేశం ఎక్కడ ఉంటుంది?

1996లో ప్రస్తుత రూపం పొందిన పాప్-3 పద్ధతిలో మెయిలు ప్రోగ్రాము సందేశాన్ని దించుకొని, సాధారణంగా సర్వరులోని ప్రతిని తుడిపివేస్తుంది. అంటే హార్డ్ డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి. "సర్వరులో ప్రతిని ఉంచు" అనే వీలును వాడుకరి స్వయంగా ఎంచుకోవాలి. ఐమ్యాప్ పద్ధతిలో అసలు ప్రతి సర్వరులోనే ఉంటుంది, కంప్యూటరులో ఉండేది దాని ప్రతిబింబం. ఒక చోట పొరపాటున తుడిపితే రెండవ చోట కూడా పోతుంది. కనుక ఐమ్యాప్ వాడుతున్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కొక్క సంచయాన్ని ఒక్కొక్క డీబీఎక్స్ ఫైలుగా దాచేది. ఆ ఫైలు 2 గిగాబైట్లకు చేరితే చెడిపోయేది. సర్వీస్ ప్యాక్ 2 తరువాత, ప్రోగ్రామును 100 సార్లు మూసినపుడు ఫైళ్ళను కుదించమంటారా అని అడిగేది. కుదిస్తున్న సమయంలో కరెంటు పోతే సంచయం మొత్తం పోయే ప్రమాదం ఉంది. వేసవి కోతలు మామూలైన ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడే పీఎస్టీ ఫైలుకు కూడా 2003 కూర్పు వచ్చే వరకు 2 గిగాబైట్ల హద్దు ఉండేది. 2004 డిసెంబరులో 1.0 కూర్పు వెలువడిన థండర్‌బర్డ్ ఎంబాక్స్ పద్ధతి వాడుతుంది. ఇందులో ఒక సంచయంలోని సందేశాలన్నీ ఒకే పాఠ్య ఫైలులో వరుసగా ఉంటాయి. చాలా ప్రోగ్రాములు చదవగల రూపం కనుక దీర్ఘకాలిక నిల్వకు ఇదే మేలు.

బ్యాకప్ చేయు విధానం

ఈ ఫైళ్ళు "మై డాక్యుమెంట్స్"లో ఉండవు. సీ డ్రైవులో, తరచు కంటికి కనబడని సంచయాలలో ఉంటాయి. వైరస్ సోకిందని కంప్యూటరును దుకాణంలో ఇచ్చి ఫార్మాట్ చేయించినపుడు, సిద్ధాంత గ్రంథపు అధ్యాయాలు మాత్రం నకలు తీసుకొని, వాటిపై పర్యవేక్షకులు వ్రాసిన ఉత్తరాలను పోగొట్టుకొనుటకు కారణం ఇదే. ప్రోగ్రాము అమరికలలో ఫైళ్ళ చిరునామా చూసి, అవకాశముంటే దానిని డీ డ్రైవుకు మార్చుకోవాలి. డ్రైవు మార్చడం బ్యాకప్ కాదు. డిస్కే చెడిపోతే రెండు డ్రైవులూ పోతాయి.

నకలు తీసే ముందు మెయిలు ప్రోగ్రామును తప్పక మూసివేయాలి. తెరచి ఉండగా తీసిన నకలు అసంపూర్ణంగా రావచ్చు. ఒక్కొక్క ఫైలు కాక మొత్తం సంచయాన్ని తీసుకోవాలి. చిరునామా పుస్తకం చాలా ప్రోగ్రాములలో వేరే ఫైలు, దానిని మరువరాదు. కొత్త నకలును పాత నకలుపై వ్రాయకుండా తేదీ పేరుతో ఉంచితే, చెడిన ఫైలు మంచి దానిని మింగివేయదు. ఒక నకలు ఇంట్లో ఉంటే మరొకటి వేరొక చోట ఉండాలి. నకలును ఇంకొక కంప్యూటరులో తెరచి చూడనంతవరకు అది ఉన్నట్లు లెక్క కాదు. యాంటీవైరస్ ఒక్క చెడ్డ సందేశం కోసం ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్ని తొలగించగలదు కనుక ఆ అమరికను కూడా చూసుకోవాలి.

విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. పాత డీబీఎక్స్ ఫైళ్ళు ఉన్నవారు వాటిని ఎంబాక్స్‌గా మార్చుకొనుట మంచిది. జీమెయిల్ ఖాతాలోని సందేశాలన్నిటినీ గూగుల్ టేకౌట్ ద్వారా అదే రూపంలో పొందవచ్చు. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుండి తొలగిస్తున్నది. విద్యాసంస్థ ఇచ్చిన ఖాతా చదువు ముగిశాక కొనసాగుతుందని అనుకోరాదు. పట్టా చేతికి రాకముందే నకలు తీసుకోవాలి.

తెలుగు సందేశాలు

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ఉత్తరాలు రెండు విధాలుగా ఉండేవి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్టీఎస్ పద్ధతిలో, రోమను అక్షరాలలో వ్రాసినవి నేటికీ ఏ కంప్యూటరులోనైనా చదవవచ్చు. అను వంటి ప్రత్యేక ఫాంట్లలో కూర్చిన జోడింపులు ఆ ఫాంటు లేనిదే గజిబిజిగా కనబడతాయి. ఫాంటును కూడా నకలులో చేర్చాలి. యూనికోడ్ తెలుగు ఉత్తరాలు చాలావరకు బేస్-64 సంకేతంలోకి మారి నిలువ ఉంటాయి కనుక, ఎంబాక్స్ ఫైలును నోట్‌ప్యాడులో తెరచి తెలుగు మాటను వెదికితే దొరకదు. మెయిలు ప్రోగ్రాములోనే వెదకాలి.

యాహూ గుంపులలో రచ్చబండ వంటి తెలుగు చర్చా వేదికలు నడిచాయి. యాహూ 2019 డిసెంబరులో ఆ గుంపుల పాత సందేశాలను తొలగించి, 2020 డిసెంబరు 15న సేవనే మూసివేసింది. అట్టి చర్చలలో వచ్చిన సందేశాలను ఆనాడు తమ కంప్యూటరులోకి దించుకొని ఉంచినవారి హార్డ్ డిస్కులలో అవి నేటికీ ఉండవచ్చు.