పట్టు ముందు, బట్ట తర్వాత: మన ఆటల డ్రెస్సుల వెనక కథ

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఆగస్టు 9 దగ్గర పడితే చాలు, గ్రూపులో ఒకటే ప్రశ్న: "అక్కా, డ్యాన్సుకి ఏ డ్రెస్ వేసుకోవాలి? అద్దెకి ఎక్కడ దొరుకుతాయి?" దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. ముందు నా కథ ఒకటి చెప్పాలి.

డిగ్రీ మొదటి సంవత్సరం, కాలేజీ వార్షికోత్సవం. మాది అరకు వైపు కాబట్టి థింసా మేమే వెయ్యాలన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాం. డ్రెస్సులు మాత్రం మేం చూసుకోలేదు, అద్దె కొట్టు నుంచి వచ్చాయి. ప్లాస్టిక్ ఆకుల లంగాలు, కోడి ఈకల టోపీలు, చేతికి ఉత్తుత్తి బల్లెం. మూట మీద 'ట్రైబల్ ఫ్యాన్సీ డ్రెస్' అని రాసి ఉంది. కట్టుకుని స్టేజీ ఎక్కాం. వీపు వెనక నుంచి చేతులు వేసి ఒకరినొకరు పట్టుకున్నాం. రెండో చుట్టు తిరిగేసరికి నా లంగా ఆకులు పక్కమ్మాయి గాజుల్లో చిక్కుకున్నాయి. మూడో చుట్టులో వరస తెగిపోయింది, చివరి అమ్మాయి పడిపోయింది. కింద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టి నవ్వారు. అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు!

సెలవులకి ఇంటికెళ్ళి అమ్మమ్మకి చెప్పుకుని ఏడ్చాను. ఆమె బట్టల గురించి ఒక్క మాట అడగలేదు. "గుడ్డ సంగతి తరవాత పిల్లా. ముందు ఎవులు ఎవుల్ని ఎలాగ పట్టుకున్నారో చెప్పు" అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పాత పుస్తకాలు తిరగేశాను, పెద్దవాళ్ళని అడిగాను. చివరికి అర్థమైంది ఏంటంటే, మన ఆటల్లో కట్టుకునేవి చూసేవాళ్ళ కోసం పుట్టిన వేషాలు కావు. పక్కన ఆడే మనిషిని ఎలా పట్టుకుంటాం, ఎంత దూరంలో ఉంటాం, ఎటు తిరుగుతాం అన్నదాన్ని బట్టి కుదురుకున్న కట్లు అవి.

థింసాతోనే మొదలుపెడదాం. అరకు లోయలో బగత, వాల్మీకి, పోర్జ, కోటియ, కోందు, గదబ ఇలా చాలా తెగలవాళ్ళు ఆడతారు. కొండ అవతల కోరాపుట్‌లో కూడా ఉంది. థింసా అంటే ఒక్క ఆట కాదు, అందులో రకాలున్నాయి. రకానికో పట్టు.

బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు వరస కడతారు, వీపుల మీదుగా చేతులు పోనిచ్చి గట్టిగా పట్టుకుంటారు. ముందున్నాయన నెమలి ఈకల కట్ట పట్టుకుని నడిపిస్తాడు, వరసంతా పాములా మెలికలు తిరుగుతుంది. పొతర్ తోల అంటే ఆకులు కోసే ఆట. సగం మంది ముందు, సగం మంది వెనక నిలబడి, వెనకవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీద చేతులు వేస్తారు. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే ఆట. కొందరు చేతులు కలిపి గుండ్రంగా నిలబడి తలలు వంచుతారు, మిగతావాళ్ళు వాళ్ళ చుట్టూ వేగంగా తిరుగుతారు. కుండ థింసాలో ఊగుతూ భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. గొడ్డి బేటలో వంగి లేస్తూ ముందుకీ వెనక్కీ అడుగులు.

ఇప్పుడు మన ఆడవాళ్ళ చీరకట్టు గుర్తు తెచ్చుకోండి. చీర పాదాల దాకా దిగదు, పైకి ఉంటుంది. పైట వేలాడదు, భుజం మీద ముడి పడుతుంది. కొప్పు బిగించి పూలు పెడతారు, కాళ్ళకి లోహపు అందెలు. వీపు మీద పక్కవాళ్ళ చెయ్యి ఉంటుంది కదా, అక్కడ జారే పైట ఉంటే చెయ్యి నిలవదు. వెనక్కి అడుగు వేసినప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడితే ఒక్కరు పడరు, వరసే పడుతుంది. జడ వదిలేస్తే పక్కమ్మాయి చేతికింద ఇరుక్కుంటుంది. అందరి అందెలూ ఒకేసారి మోగితేనే అడుగు కలిసిందని తెలుస్తుంది. బయటివాళ్ళు 'సింపుల్ కాస్ట్యూమ్' అనే ఆ కట్టులో ఇంత లెక్క ఉంది.

ఆ కట్టులోని బట్ట కూడా ఎప్పుడూ ఒకటే కాదు. థర్స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో గదబ ఆడవాళ్ళు చెట్టు నారతో తామే నేసుకున్న చారల గుడ్డ కట్టుకునేవాళ్ళని రాశాడు. దాన్ని కెరాంగ్ అంటారు. ఆయన మనవాళ్ళని కొలతబద్దలతో కొలిచిన మనిషి, ఆ చూపుతో మనకి పేచీ ఉంది. కానీ ఆ గుడ్డ వివరం మాత్రం మనకి పనికొస్తుంది. నార గుడ్డ పోయి మిల్లు చీర వచ్చింది. బట్ట మారినా చీర పైకి కట్టడం, భుజం ముడి నిలిచాయి, ఎందుకంటే పట్టు మారలేదు. కాబట్టి 'అసలైన పాత డ్రెస్ దొరకట్లేదు' అని బెంగపడక్కర్లేదు. కట్టు తెలిస్తే మామూలు నూలు చీర చాలు.

మరి ఇంత తేలిక కట్టు అన్ని ఆటల్లోనూ ఉందా? లేదు. ఆదిలాబాద్ వైపు చూడండి. రాజ్ గోండుల దండారి దీపావళి రోజుల్లో ఊరి నుంచి ఊరికి వెళ్తుంది. హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి ఈ జీవితాన్నంతా చూశాడు, 1948లో రాజ్ గోండుల మీద పుస్తకం తెచ్చాడు. దండారి బృందంలో రెండు రకాలవాళ్ళు ఉంటారు. గుస్సాడీ తల మీద వందల నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, భుజానికి మేకతోలు, గజ్జెలు, చేతిలో కర్ర. అతను ఎవరి చెయ్యీ పట్టుకోడు, తన చోటులో తాను తిరుగుతాడు. అందుకే అంత బరువు, అంత వెడల్పు సాగుతాయి. అదే బృందంలో కోలలు వేసేవాళ్ళు ఉంటారు. ఆడవేషం కట్టిన మగపిల్లలూ ఉంటారు, వాళ్ళని పోరిక్ అంటారు. కోల ఆటలో ఎదుటివాడి కర్రకి నీ కర్ర తగలాలి, వెంటనే పక్కకి తిరగాలి. వాళ్ళ తల మీద గుస్సాడీ టోపీ పెడితే రెండు దెబ్బల్లో ఈకలు రాలిపోతాయి. ఒకే బృందం, ఒకే దేవత, ఒకే డప్పు. ఒంటరిగా తిరిగేవాడికి ఒక కట్టు, జతగా ఆడేవాడికి ఇంకో కట్టు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుస్సాడీ కట్టడం దీక్ష. ఆ రోజుల్లో వాళ్ళు స్నానం చెయ్యరు, పెద్దలు కూడా వాళ్ళ కాళ్ళకి మొక్కుతారు, చివర్లో కోలబోడితో దీక్ష విప్పుతారు. మార్లవాయి కనకరాజు గారు జీవితమంతా ఈ ఆట నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మనల్ని వదిలి వెళ్ళారు. అంత విలువైన దాన్ని ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో మూడో బహుమతి కోసం వెయ్యొద్దు. వెయ్యాల్సి వస్తే గోండు పెద్దల్ని అడిగి, వాళ్ళ దగ్గర నేర్చుకుని వెయ్యండి.

గోదావరి వైపు కోయల కొమ్ము ఆట ఇంకో పాఠం. మగవాళ్ళు తలకి అడవిదున్న కొమ్ములు కట్టి, మెడలో డోలు వేసుకుని, ఎదురెదురుగా వచ్చి దున్నల్లా పోట్లాడతారు. రెండు చేతులూ డోలు మీదే ఉంటాయి, జారిన కొమ్ముల్ని సర్దుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకే తలకట్టు అంత బిగువు. డోలు పొడుగు వల్ల ఇద్దరి మధ్యా కొంత దూరం దానంతట అదే ఉంటుంది. పక్కన ఆడవాళ్ళు మాత్రం కొమ్ములు పెట్టరు. వాళ్ళది చేతులు కలిపి వరసగా నడిచే ఆట, తలకి పట్టీ కట్టుకుంటారు. ఆ పాత కొమ్ములు కుటుంబాల్లో తరతరాలుగా దాచుకున్నవి. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిదున్నకి పూర్తి రక్షణ ఉంది, కొత్త కొమ్ముల కోసం ఎవరూ ఆశపడొద్దు. చెక్కతో చేసుకుంటే బరువు కూడా తగ్గుతుంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఏ డ్రెస్ వేసుకోవాలి? కొట్టుకి వెళ్ళేముందు ఇవి చూసుకోండి.

1. ముందు ఆట ఏదో తేల్చుకోండి. చేతులు వీపు మీదా, భుజాల మీదా, కోలల మీదా? మామూలు బట్టల్లో పది నిమిషాలు ఆడి చూడండి. చెయ్యి తగిలే చోట పూసలు, అద్దాలు, పిన్నీసులు ఏవీ ఉండకూడదు. పిన్నీసు బదులు ముడి వెయ్యండి.

2. బట్ట నూలుదైతే మంచిది. జారే సిల్కు గుడ్డ మీద చెమట చెయ్యి నిలవదు.

3. చేతులు ముడిపడే ఆటకి గాజు గాజులు వద్దు, పగిలితే ఇద్దరికీ గుచ్చుకుంటాయి. లోహపు కడియాలు చాలు.

4. తల మీద పెట్టేది మీ భుజాల కంటే వెడల్పు ఉంటే, పక్కన మనిషి ఉండే ఆటకి అది పనికిరాదు.

5. ఆకుల లంగా, ఈకల టోపీ, బల్లెం ఇస్తామంటే "ఇది ఏ తెగది, ఏ ఊరిది?" అని అడగండి. జవాబు రాదు. ఎందుకంటే అది సినిమావాళ్ళ అడవిది, మనది కాదు.

మా రెండో సంవత్సరం వార్షికోత్సవానికి మేం డ్రెస్సులు అద్దెకి తేలేదు. ఇళ్ళల్లోంచి నూలు చీరలు తెచ్చుకున్నాం, రంగులు కూడా కలవలేదు. ముడి ఎలా వెయ్యాలో అమ్మమ్మ ఫోన్లో చెప్తుంటే ఒకరికొకరం కట్టుకున్నాం. పదిహేను నిమిషాలు ఆడాం, వరస తెగలేదు. పోయిన ఏడాది పడిపోయిన అమ్మాయే ఆ రోజు చివర నిలబడింది.

మీ ఊళ్ళో ఏ ఆటకి ఏ కట్టు, ఎవరు ఎవరిని ఎలా పట్టుకుంటారు, ఈ సెలవుల్లో మీ అమ్మమ్మల్నీ తాతల్నీ అడిగి రాయండి. ఫోటో ఒక్కటే పెడితే చాలదు, ఆ ముడి ఎలా వేస్తారో కూడా రాయండి. జోహార్.